పాత సిస్టమ్‌లో పార్టీషన్ మార్చాలంటే ఏ సాఫ్ట్‌వేర్‌ను నమ్మాలి?

మొన్న చిత్తూరు నుంచి డీటీపీ సెంటర్ నడిపే ఒకాయన సీపీయూను సంచిలో పెట్టుకుని, ఆర్టీసీ బస్సులో ఒళ్లో మోసుకుంటూ తిరుపతిలోని మా సర్వీస్ షాపుకు వచ్చారు. విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్, 80 జీబీ హార్డ్ డిస్క్. సీ డ్రైవ్‌కు 10 జీబీ ఇచ్చి, మిగతాదంతా డీ డ్రైవ్‌గా ఎవరో ఎప్పుడో విడగొట్టి పెట్టారు. ఇలా విడగొట్టిన ఒక్కో భాగాన్నే పార్టీషన్ అంటాం.

"డిస్క్ స్పేస్ తక్కువ ఉందని కింద బుడగ వస్తానే ఉందన్నా. పెండ్లి పత్రిక ఒకటి ప్రింటు ఇయ్యాలంటే ప్రాణం పోతా ఉంది. డీలో నలభై జీబీ ఖాళీగా పడుంది కదా, దాంట్లోంచి ఓ ఇరవై తీసి సీకి ఎయ్యన్నా" అన్నారు.

కొత్త సిస్టమ్ కొనుక్కోండని చెప్పడం తేలిక. కానీ ఆయన దగ్గర పదిహేనేళ్ల శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో చేసినవే ఉన్నాయి. ఆ ఫైళ్లు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లకూ ఒకటే అయిన అక్షరాల కోడ్) కావు. కొత్త విండోస్‌లో తెరిస్తే అక్షరాలు సరిగా వస్తాయన్న నమ్మకం ఆయనకు లేదు. ఫోటో స్టూడియోల్లో, దామలచెరువు వైపు మామిడి మండీల్లో, వేబ్రిడ్జిల దగ్గర ఇలాంటి పాత సిస్టమ్‌లు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. వాటిలో పార్టీషన్ మార్చాల్సి వస్తే పాత సాఫ్ట్‌వేర్‌లలో ఏది దేనికి పనికొస్తుందో, దేనితో డేటా పోయే ప్రమాదం ఉందో నేను చూసినంతవరకు చెబుతాను.

ముందు ఆ 64 బైట్ల సంగతి

హార్డ్ డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్ (ఒకేసారి చదివే, రాసే చిన్న ముక్క) 512 బైట్లు. దాన్ని ఎంబీఆర్ (మాస్టర్ బూట్ రికార్డ్) అంటాం. అందులో మొదటి 446 బైట్లు బూట్ కోడ్‌వి, చివరి 2 బైట్లు గుర్తు కోసం. మధ్యలో ఉన్న 64 బైట్లే పార్టీషన్ టేబుల్. ఒక్కో పార్టీషన్‌కు 16 బైట్లు కావాలి కాబట్టి నాలుగు ప్రైమరీ పార్టీషన్లకే చోటుంటుంది. అంతకంటే ఎక్కువ కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్‌గా చేసి, దాని లోపల లాజికల్ డ్రైవ్‌లు పెట్టుకోవాలి.

పార్టీషన్ కొత్తగా పెట్టడం, తీసేయడం అంటే ఈ చిన్న పట్టికలో అంకెలు మార్చడమే. అది పాసు పుస్తకంలో హద్దులు తిరగరాసినట్టు. పార్టీషన్‌ను జరపడం అలా కాదు. కాయలున్న మామిడి చెట్లను వేళ్లతో సహా పెకలించి పక్క మడిలో నాటడం లాంటిది. డేటాలోని ప్రతి ముక్కనూ చదివి, కొత్త చోట రాయాలి. మధ్యలో కరెంటు పోతే సగం చెట్లు అక్కడ, సగం ఇక్కడ.

సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు చాలామంది ఈ రెండు పనులనూ ఒకటే అనుకుంటారు. అందుకే మొదట మీకు ఏ పని కావాలో తేల్చుకోండి. ఖాళీ డిస్క్‌ను విడగొట్టాలా? డేటా ఉన్న డ్రైవ్‌ను కుడి వైపు నుంచి, అంటే చివరి నుంచి, కాస్త తగ్గించాలా? లేక మొత్తం డ్రైవ్‌నే పక్కకు జరపాలా? ఈ మూడింటికీ మూడు రకాల జవాబులున్నాయి.

ఎఫ్‌డిస్క్

డాస్‌తో, విండోస్ 95, 98లతో వచ్చిన ఎఫ్‌డిస్క్‌ను నేనిప్పటికీ గౌరవిస్తాను. ఒక్క బూట్ ఫ్లాపీలో పట్టేంత చిన్నది, ర్యామ్ ఎంత తక్కువున్నా నడుస్తుంది. విండోస్ 98 నడిపే పాత మిషన్‌కు ఖాళీ డిస్క్ సిద్ధం చేయాలంటే అది చాలు. ముందు ప్రైమరీ, తర్వాత ఎక్స్‌టెండెడ్, దానిలో లాజికల్, ఆపైన ప్రైమరీని యాక్టివ్ చేయడం, అంటే దాని నుంచే బూట్ కావాలని గుర్తు పెట్టడం. ఈ చివరి మెట్టు మరిచిపోయి, ఓఎస్ వేసిన తర్వాత సిస్టమ్ బూట్ కావడం లేదని తల పట్టుకున్నవాళ్లను చాలామందినే చూశాను.

మొదలవగానే పెద్ద డిస్క్ సపోర్ట్ కావాలా అని అది అడిగే ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. వద్దంటే ఫ్యాట్16 అనే పాత ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్క్ మీద పేర్చే పద్ధతి) వస్తుంది. దానిలో ఒక పార్టీషన్ 2 జీబీ దాటదు, పైగా ఆ సైజులో ఒక్కో క్లస్టర్ (ఫైల్‌కు కేటాయించే కనీస చోటు) 32 కేబీ. ఒక్క కేబీ ఉత్తరం దాచినా 32 కేబీ చోటు తింటుంది. 1996లో విండోస్ 95 రెండో ఓఈఎం (సిస్టమ్ తయారీదారులకు ఇచ్చే) విడుదలతో వచ్చిన ఫ్యాట్32 ఈ బాధ తీర్చింది. 8 జీబీ వరకు క్లస్టర్ 4 కేబీనే.

ఎఫ్‌డిస్క్ చేయలేనివి చాలా ఉన్నాయి. డేటా ఉంచుకుని సైజు మార్చడం దానికి చేతకాదు, తీసేసి మళ్లీ పెట్టడమే. లైనక్స్ (విండోస్ లాంటి మరో ఓఎస్) లాజికల్ డ్రైవ్‌లున్న ఎక్స్‌టెండెడ్ పార్టీషన్‌ను తీసేయబోతే లోపల డ్రైవ్‌లు ఉన్నాయంటుంది, సరే వాటిని తీసేద్దామంటే అలాంటివేమీ లేవంటుంది. అసలు డిస్క్ 64 జీబీ దాటితే దాని లెక్కే తప్పుతుంది. 80 జీబీ డిస్క్ పెడితే 10 జీబీ చిల్లర చూపిస్తుంది. దీనికి మైక్రోసాఫ్ట్ తర్వాత సవరించిన ఎఫ్‌డిస్క్‌ను ఇచ్చింది గానీ, పాత ఫ్లాపీల్లో ఉండేది పాతదే. 64 జీబీ లోపు డిస్క్ అయితే వాడండి. అది దాటితే దాని జోలికి వెళ్లొద్దు.

పార్టీషన్ మ్యాజిక్

2000 ప్రాంతంలో సర్వీస్ పని నేర్చుకున్న వాళ్లకు ఈ పేరు వినగానే ఆ నీలం, పసుపు పెట్టెలు కళ్ల ముందు కదులుతాయి. అమెరికాలోని యూటాకు చెందిన పవర్‌క్వెస్ట్ కంపెనీ దీన్ని తయారు చేసింది. 2003లో సిమాంటెక్ ఆ కంపెనీని కొనేసింది. ఆ తర్వాత 8.05 వర్షన్ నార్టన్ పేరుతో వచ్చింది, అంతటితో ఆగిపోయింది.

అప్పట్లో ఇది చేసిన పని చిన్నది కాదు. డేటా ఉండగానే పార్టీషన్ సైజు మార్చేది, జరిపేది, రెండింటిని కలిపేది. ఫ్యాట్16ను ఫ్యాట్32కు, ఫ్యాట్32ను విండోస్ మరో ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను తిరిగి ఫ్యాట్32కు మార్చేది. విండోస్‌లోని కన్వర్ట్ కమాండ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపు ఒక్క దిక్కునే వెళ్తుంది, వెనక్కి రాదు. లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లైన ఎక్స్‌ట్2, ఎక్స్‌ట్3లను కూడా గుర్తుపట్టేది. పెళ్లి వీడియోలు తీసే వాళ్లకు ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మారడం తప్పనిసరి అయింది. ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. డీవీ టేపు నుంచి క్యాప్చర్ చేస్తే గంటకు దాదాపు 13 జీబీ అవుతుంది. అంటే తలంబ్రాలు మొదలై ఇరవై నిమిషాలు గడవకముందే ఫైల్ నిండిపోయేది.

నాకు దానిలో బాగా నచ్చింది, మనం చెప్పిన మార్పులన్నీ వరుసగా రాసిపెట్టుకుని, అప్లై నొక్కేదాకా డిస్క్‌ను ముట్టకపోవడం. సీ డ్రైవ్‌ను మార్చాల్సి వస్తే సిస్టమ్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ మొదలవకముందే పని చేసుకునేది. విండోస్ లేకుండా నడపడానికి రెస్క్యూ ఫ్లాపీలు కూడా తయారు చేసుకోవచ్చు.

మరి ఇప్పుడు వాడొచ్చా? నా జవాబు దాదాపు ఎప్పుడూ వద్దనే.

మొదటి కారణం, అది తన కాలం నాటి లేఅవుట్‌నే సరైనదనుకుంటుంది. ఎక్స్‌పీ వరకు మొదటి పార్టీషన్ 63వ సెక్టార్‌లో మొదలై, హద్దులన్నీ సిలిండర్ల (డిస్క్ పళ్లేల మీది వలయాల) లెక్కలో ఉండేవి. విస్టా నుంచి 2048వ సెక్టార్‌లో, అంటే సరిగ్గా 1 ఎంబీ దగ్గర మొదలవుతుంది. విండోస్ 7లో విడగొట్టిన డిస్క్‌ను పార్టీషన్ మ్యాజిక్‌కు చూపిస్తే దానికి అది తప్పుగా కనిపించవచ్చు. పార్టీషన్ టేబుల్‌లో తేడా ఉంది, సరిచేయమంటారా అని అడిగితే అవునని నొక్కకండి. బాగున్న టేబుల్‌ను చేతులారా చెడగొట్టుకున్నట్టు అవుతుంది. విస్టాలో, ఆ తర్వాతి విండోస్‌లలో అది సరిగా నడవదు కూడా. ఎంబీఆర్‌కు బదులు వచ్చిన జీపీటీ అనే పద్ధతిలోని డిస్క్‌ల సంగతి దానికి తెలియదు.

రెండో కారణం, ఇప్పుడది అమ్మకంలో లేదు. ఊరూపేరూ లేని డౌన్‌లోడ్ సైట్లలో దొరికే కాపీల్లో ఏం కలిపి ఉందో ఎవరికీ తెలియదు. డిస్క్ మొత్తం మీద అధికారం ఉన్న ప్రోగ్రామ్‌ను అలాంటి చోటు నుంచి తెచ్చి నడపడం నాకు భయం.

మీ దగ్గర అసలు సీడీ ఉండి, డిస్క్ ఎక్స్‌పీ కాలానిదే అయి, దాన్ని కొత్త విండోస్ ఎప్పుడూ తాకకపోయి ఉంటే, అప్పుడు మాత్రం వాడొచ్చు.

ఫిప్స్, రానిష్

ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల గదుల్లో ఉండి చదువుకునే కుర్రాళ్లు రెడ్‌హ్యాట్ లైనక్స్ సీడీలు పట్టుకుని తిరిగిన రోజుల్లో ఫిప్స్ చాలామందికి దారి చూపింది. డబ్బు పెట్టి పార్టీషన్ మ్యాజిక్ కొనలేని వాళ్లకు లైనక్స్ కోసం చోటు చేసిచ్చింది అదే. చేసేది ఒకటే పని: ఒక ఫ్యాట్ ప్రైమరీ పార్టీషన్‌ను రెండుగా చీల్చడం. ముందు డీఫ్రాగ్ చేసి డేటా అంతా మొదటికి తెచ్చుకోవాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను, లాజికల్ డ్రైవ్‌లను అది ముట్టదు. ఇవాళ దాని అవసరం లేదు.

రానిష్ పార్టీషన్ మేనేజర్ టేబుల్‌లోని అంకెలను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. పార్టీషన్ టేబుల్ ఎలా ఉంటుందో నేర్చుకోవడానికి నాకు ఉపయోగపడింది. టేబుల్ అర్థమైన వాళ్లకు మంచి పనిముట్టు. అర్థం కానివాళ్లు కస్టమర్ డిస్క్ మీద తెరవకండి.

విండోస్‌లో ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్

బయటి సాఫ్ట్‌వేర్ దించుకునే ముందు ఇది సరిపోతుందేమో చూడండి. విండోస్ 2000 నుంచీ ఉంది. ఎక్స్‌పీలో పెట్టడం, తీయడం, ఫార్మాట్ చేయడం వరకే. డిస్క్‌పార్ట్ కమాండ్‌తో ఎన్‌టీఎఫ్‌ఎస్ డేటా డ్రైవ్‌ను పెంచొచ్చు గానీ, విండోస్ ఉన్న డ్రైవ్‌ను పెంచనివ్వదు. 32 జీబీ కంటే పెద్ద డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయదు.

విస్టా నుంచి ష్రింక్ (తగ్గించడం), ఎక్స్‌టెండ్ (పెంచడం) వచ్చాయి. ఇవి జాగ్రత్తగా పని చేస్తాయి కాబట్టే పరిమితంగా పని చేస్తాయి. ష్రింక్ చేసేటప్పుడు పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది) లాంటి కదలని ఫైల్ ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. వంద జీబీ ఖాళీ ఉన్నా పది జీబీ మించి తగ్గించలేనంటే కారణం అదే. పేజ్ ఫైల్‌ను, హైబర్నేషన్‌ను, సిస్టమ్ రీస్టోర్‌ను తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి చూస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది. ఎక్స్‌టెండ్ కావాలంటే ఖాళీ చోటు సరిగ్గా ఆ డ్రైవ్‌కు కుడి పక్కనే ఉండాలి. మధ్యలో ఇంకో పార్టీషన్ ఉంటే ఆ మెనూ మసగ్గా ఉండిపోతుంది. అది చూసి విండోస్ చెడిపోయిందని అనుకోనక్కర్లేదు.

జీపార్టెడ్

పాతదైనా ఇప్పటికీ సవరణలు అందుకుంటూ, ఉచితంగా దొరుకుతూ, నేను చేతిలో ఉంచుకునే పనిముట్టు ఇది. 2004లో మొదటి వర్షన్ వచ్చింది. లైవ్ సీడీ లేదా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే చాలు, లోపల ఉన్నది ఎక్స్‌పీ అయినా లైనక్స్ అయినా సరే. ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్ రకాలను తగ్గిస్తుంది, పెంచుతుంది, జరుపుతుంది. జీపీటీ తెలుసు. మార్పులు అప్లై చేసేదాకా డిస్క్‌ను తాకదు. దీని వెనకున్న పార్టెడ్‌ను కమాండ్ లైన్‌లో వాడితే మాత్రం అలా కాదు, ఎంటర్ కొట్టిన వెంటనే మార్పు డిస్క్ మీద పడుతుంది. లైనక్స్‌లో అదే పేరుతో ఉన్న వేరే ఎఫ్‌డిస్క్‌లో రైట్ కమాండ్ ఇచ్చేదాకా ఏమీ రాయదు. ఆ అలవాటుతో పార్టెడ్ తెరిచిన వాళ్లు జాగ్రత్త.

ఎక్స్‌పీ డిస్క్ మీద జీపార్టెడ్ వాడుతుంటే ఒక విషయం మరవకండి. హద్దులు ఎలా సరిచేయాలో అడిగే చోట మామూలుగా ఎంబీ లెక్క ఎంచుకుని ఉంటుంది. పాత డిస్క్‌కు సిలిండర్ లెక్క గానీ, ఏదీ వద్దని గానీ పెట్టుకోవాలి. కొత్త డిస్క్‌కు, ఎస్‌ఎస్‌డీకి ఎంబీ లెక్కే సరైనది. 4 కేబీ సెక్టార్లున్న డిస్క్‌లో పార్టీషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడితే రాయడం నెమ్మదిస్తుంది. కాబట్టి ఎస్‌ఎస్‌డీని పాత ఎఫ్‌డిస్క్‌తో గానీ, ఎక్స్‌పీ సీడీతో గానీ విడగొట్టొద్దు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ సైజు మార్చిన తర్వాత విండోస్‌ను రెండుసార్లు బూట్ చేసి, చెక్ డిస్క్ అడిగితే పూర్తి కానివ్వాలి. భయపడి మధ్యలో ఆపకండి.

దీని బలహీనత పాత మిషన్లలోనే బయటపడుతుంది. ర్యామ్ మరీ తక్కువున్న సిస్టమ్‌లో కొత్త జీపార్టెడ్ లైవ్ మొదలు కాకపోవచ్చు. అలాంటప్పుడు హార్డ్ డిస్క్ విప్పి, ఐడీఈ (పాత డిస్క్‌ల కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే కన్వర్టర్‌తో వేరే సిస్టమ్‌కు తగిలించి పని కానిచ్చుకుంటాను.

రెండు టీబీ గోడ

ఎంబీఆర్ సెక్టార్ నంబర్లను 32 బిట్లలో రాసుకుంటుంది. 512 బైట్ల సెక్టార్‌తో గుణిస్తే 2 టీబీ దగ్గర లెక్క అయిపోతుంది. 3 టీబీ డిస్క్‌ను పాత సిస్టమ్‌కు పెట్టి 746 జీబీనే చూపిస్తోందని అడిగితే డిస్క్ నకిలీది కానక్కర్లేదు, లెక్క అటు చివర దాటి మళ్లీ మొదటికొచ్చింది. దీనికి మందు జీపీటీ. దానిలో మామూలుగా 128 పార్టీషన్లకు చోటుంటుంది, టేబుల్ కాపీ ఒకటి డిస్క్ చివర కూడా ఉంటుంది. లైనక్స్ ఎఫ్‌డిస్క్‌కు కూడా జీపీటీ 2013లోనే తెలిసింది. 32 బిట్ ఎక్స్‌పీ జీపీటీ డిస్క్‌ను చదవలేదు. కాబట్టి ఎక్స్‌పీకి తగిలించే డిస్క్ 2 టీబీ లోపే కొనండి.

కరెంటు

ఇది చెప్పకుండా పోలిక పూర్తి కాదు. చాలా ఏళ్ల కిందట ఒక ఫోటో స్టూడియో డిస్క్‌లో డీ డ్రైవ్‌ను జరుపుతున్నాను. అప్పట్లో అందరూ వాడే సాఫ్ట్‌వేరే. అరవై శాతం దగ్గర కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ రెండు నిమిషాలు కూడా ఆగలేదు. మళ్లీ ఆన్ చేస్తే డీ డ్రైవ్ లేదు. టెస్ట్‌డిస్క్‌తో పార్టీషన్ వెతికాను, సగం అక్కడ, సగం ఇక్కడ ఉన్నదాన్ని అది కూడా అతికించలేకపోయింది. ఫోటోరెక్‌తో ఫోటోలు చాలావరకు వచ్చాయి. కానీ ఫైల్ పేర్లు, ఫోల్డర్లు రాలేదు. ఎవరి పెళ్లి ఏదో తెలియకుండా వేల ఫోటోలు ఒకే రాశిగా పడ్డాయి. స్టూడియో ఆయన, నేను కూర్చుని చీరల రంగులు చూసి, మంటపాలు చూసి వేరు చేశాం. కొన్ని కుటుంబాల ఫోటోలు పూర్తిగా పోయాయి. ఆ పెళ్లిళ్లు మళ్లీ జరగవు.

అప్పటి నుంచి మొత్తం డిస్క్ ఇమేజ్ (పూర్తి నకలు) తీయకుండా ఏ పార్టీషన్‌నూ జరపలేదు. ఆ పని చేసే క్లోన్‌జిల్లా ఉచితం. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో రీఅలొకేటెడ్ (పాడై వేరే చోటికి మార్చినవి), పెండింగ్ (చదవడానికి మొరాయించేవి) సెక్టార్లు కనిపిస్తే ఆ డిస్క్‌లో పార్టీషన్ మార్చే ఆలోచనే మానేయండి, డేటా తీసి కొత్త డిస్క్‌కు వెళ్లండి. పదిహేనేళ్లు తిరిగిన డిస్క్‌ను మొత్తం చదివించి, మొత్తం రాయించడం దానికి పెద్ద పరీక్ష. జరపడంలో జీపార్టెడ్‌కూ, పార్టీషన్ మ్యాజిక్‌కూ ఈ విషయంలో తేడా లేదు. మధ్యలో ఆగితే రెండూ ఒకటే.

మరి చిత్తూరు సిస్టమ్‌కు ఏం చేశాం

ఆయన అడిగింది వినడానికి చిన్నదే. కానీ సీ పెరగాలంటే ఖాళీ దాని కుడి పక్కనే రావాలి, అంటే డీని ఎడమ వైపు నుంచి కోయాలి. డీని కుడి వైపు తగ్గిస్తే తక్కువ పనితో అయిపోతుంది, కానీ ఆ చోటు సీకి అందదు. ఎడమ వైపు కోస్తే డీలోని డేటా అంతా జరగాలి. పైగా ఆయన డీ ఒక లాజికల్ డ్రైవ్. ముందు దాన్ని కుదించి, తర్వాత దాన్ని చుట్టిన ఎక్స్‌టెండెడ్ హద్దును జరిపి, అప్పుడు సీని పెంచాలి. ఎక్స్‌పీ డిస్క్ మేనేజ్‌మెంట్‌తో కాదు. పార్టీషన్ మ్యాజిక్‌తో అవుతుంది గానీ ఆయన దగ్గర అసలు సీడీ లేదు. మిగిలింది జీపార్టెడ్.

మొదట డిస్క్ ఆరోగ్యం చూశాను. పెండింగ్ సెక్టార్లు మూడు కనిపించాయి.

"అయితే ఎట్లన్నా?" అన్నారు.

"జరిపే పని వద్దన్నా. ముందు దీన్ని వేరే డిస్క్‌లోకి దింపుకుందాం" అన్నాను.

షాపులో బాగున్న 160 జీబీ ఐడీఈ డిస్క్ ఒకటి ఉంది. ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ (సవరణల మూట) 1 నుంచి 137 జీబీ దాటిన డిస్క్‌లను చదవగలదు, ఆయన సిస్టమ్‌లో సర్వీస్ ప్యాక్ 3 ఉంది, బయోస్ (మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) కూడా పూర్తి సైజు చూపించింది. పాత డిస్క్‌ను ఇమేజ్‌గా తీసి, కొత్తదాంట్లో దింపాను. ఆ తర్వాతే యూపీఎస్‌కు తగిలించి జీపార్టెడ్‌లో డీని కుడి వైపు చివరికి జరిపి, సీని 40 జీబీ చేశాను. ఇప్పుడు అది ఆగిపోయినా భయం లేదు, అసలు డిస్క్ బల్ల మీద చెక్కుచెదరకుండా ఉంది. డీని జరపడానికే రెండు గంటల పైన పట్టింది. ఆయన ఆ టైంలో గోవిందరాజస్వామి గుడికి వెళ్లొచ్చారు.

తిరిగొచ్చాక పేజ్‌మేకర్ తెరిచి, ఒక పాత శుభలేఖ ప్రింటుకు ఇచ్చి చూసుకున్నారు. పాత డిస్క్‌ను కవర్‌లో చుట్టి, మీద తేదీ రాసి ఆయనకే ఇచ్చేశాను. ఆ సిస్టమ్‌కు ఇంటర్నెట్ కేబుల్ పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఎక్స్‌పీకి క్రమం తప్పకుండా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌తో ఆగిపోయాయి. సరేనని, సంచి సర్దుకుని బస్టాండుకు బయల్దేరారు.